షట్టర్ గదిలో కట్టె పని: ఊడిస్తే పోయేది పొట్టు, ఊపిరిలోకి పోయేది ధూళి

క్లుప్తంగా: ఇంటి దగ్గర షెడ్డులోనో షట్టర్ గదిలోనో కట్టె పని చేసేవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టేది నేల మీద పడే పొట్టుని ఎత్తే మెషీన్ల మీద. ఒంటికి చెరుపు చేసేది మాత్రం గాలిలో తేలే ధూళి. దాని బరువు చాలా తక్కువ కాబట్టి, మెషీన్లు '99 శాతం' పట్టేస్తాయని బరువు లెక్కన చెప్పే మాటలు దాని గురించి పెద్దగా ఏమీ చెప్పవు. గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదలడం చలి దేశాల పద్ధతి. నల్లగొండ, పాలమూరు ఎండలకి ఆ అవసరం లేదు, ఆ గాలిని బయటికి తోసేయడమే చవక, మేలు కూడా.

ఇప్పుడే ఎందుకొచ్చింది ఈ సమస్య

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి లాంటి ఊళ్లలో ఇల్లు కడితే కింద ఒక షట్టర్ గదో పక్కన ఒక రేకుల షెడ్డో ఉండటం మామూలే. అద్దెకి పోకపోతే అందులో బండి పెడతారు, పాత సామాను పడేస్తారు. ఈ మధ్య కొందరు అక్కడే ఒక టేబుల్ సా (బల్లకి బిగించిన రంపం మెషీన్), రౌటర్ (గాడులు, అంచులు కోసే మెషీన్), సాండర్ (గరకు కాగితంతో నునుపు చేసే మెషీన్) పెట్టుకుని సెలవు రోజుల్లో కట్టె పని చేస్తున్నారు, కొందరు చిన్న చిన్న ఆర్డర్లు కూడా పడుతున్నారు. కొన్నాళ్లకి బండి సీటు మీద, ఇంట్లో టీవీ మీద, ఆఖరికి వంటింటి డబ్బాల మీద కూడా సన్నటి పొర కనిపించడం మొదలవుతుంది. అప్పుడు ఏ మెషీన్ కొనాలా అని వెతుకుతారు, వీడియోలు చూస్తారు, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు.

ఊళ్లలో వడ్రంగి పని తరతరాలుగా వేప చెట్టు కిందో, ఇంటి ముందు పందిట్లోనో జరిగింది. చేతి రంపం కోసేది ముతక పొట్టు. రందా పడితే లేచేవి చుట్టలు చుట్టుకున్న పొరలు, అవి ఎక్కడికీ ఎగరవు. ఎగిరిన కాస్తా గాలికి కొట్టుకుపోయేది. ఇప్పుడు మూడు మార్పులు ఒకేసారి వచ్చిపడ్డాయి. నిమిషానికి వేల చుట్లు తిరిగే పళ్లు, గరకు కాగితాలు వచ్చాయి, అవి కట్టెని కోయడంతో ఆగకుండా పిండి చేస్తాయి. టేకు, వేప, నల్లమద్ది ఉన్నచోటికి ప్లైవుడ్, ఎండీఎఫ్ (కట్టె నారని నొక్కి చేసిన పలక) వచ్చాయి, వాటిలో జిగురు ఉంటుంది. పని చెట్టు కింది నుంచి మూడు వైపులా గోడలున్న గదిలోకి వచ్చింది. ఈ మూడింట్లో ఒక్కటే జరిగి ఉంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి. రాళ్లు, టైల్స్ కోసే చిన్న మార్బుల్ కట్టర్‌కి కట్టె బ్లేడు బిగించి వాడటం మన దగ్గర బాగా అలవాటు. అది నిమిషానికి సుమారు 12 వేల చుట్లు తిరుగుతుంది, పొట్టు లాగే పైపు తగిలించే చోటు దానికి ఉండదు, కోసిందంతా నేరుగా మొహం మీదికి కొడుతుంది. చేతికి ప్రమాదం సరే, ధూళి లెక్కలో కూడా అంతకన్నా చెడ్డ పనిముట్టు ఇంటి షెడ్డులో ఇంకోటి ఉండదు.

ఏది పడుతుంది, ఏది తేలుతుంది

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 100 మైక్రాన్ల రేణువుని ఛాతీ ఎత్తు నుంచి కదలని గాలిలో వదిలితే ఐదారు సెకన్లలో నేల మీద ఉంటుంది. 10 మైక్రాన్లదైతే ఎనిమిది నిమిషాల దాకా పడుతుంది. 1 మైక్రాన్‌ది కిందికి రావడానికి పన్నెండు గంటలైనా ఆశ్చర్యం లేదు. ఇదంతా గాలి కదలకపోతేనే, పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే సన్నటిది కింద పడే ప్రశ్నే లేదు, గదంతా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పని ఆపిన పావుగంటకి గది శుభ్రంగా కనిపించడం, తెల్లారి చూస్తే ప్రతి వస్తువు మీదా వేలితో పేరు రాసేంత పొర ఉండటం ఇందుకే.

దీన్ని కంటితో చూడొచ్చు. చీకటి పడ్డాక లైట్లన్నీ ఆపి, సాండర్ రెండు నిమిషాలు తిప్పి ఆపేసి, ఒక మంచి టార్చిని గదికి అడ్డంగా వేసి, ఆ వెలుగుకి ఎదురుగా కాస్త పక్కన నిలబడి చూడాలి. ఏమీ లేదనుకున్న గాలిలో సన్నటి రేణువులు మెరుస్తూ నెమ్మదిగా సుడి తిరుగుతుంటాయి, సాండర్ నుంచి ఎటు పోతున్నాయో, ఏ మూల ఆగుతున్నాయో, షట్టర్ కింది సందులోంచి వచ్చే గాలి వాటిని ఎటు తోస్తుందో దారి మొత్తం తెలుస్తుంది. బ్రిటన్‌లో ఫ్యాక్టరీలని తనిఖీ చేసేవాళ్లు కూడా 'డస్ట్ ల్యాంప్' అని వాడేది ఈ పద్ధతినే. వేల రూపాయల మీటర్ కొనేముందు ఈ పరీక్ష ఒకటి చేసుకుంటే, ఎక్కడ ఏం పెట్టాలో సగం అర్థమైపోతుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లో కట్టె ధూళిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. దానికి మూలం 1960లలో ఇంగ్లండ్‌లో కుర్చీల తయారీకి పేరున్న హై వికోమ్ ప్రాంతంలో బయటపడ్డ విషయం: ఫర్నిచర్ పనివాళ్లలో ముక్కు, సైనస్‌లో వచ్చే అరుదైన ఒక రకం క్యాన్సర్ మామూలు జనంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. వాళ్లంతా రోజంతా, ఏళ్ల తరబడి దట్టమైన ధూళిలో పని చేసినవాళ్లు. సెలవు రోజు పని చేసే మనిషికి ఆ స్థాయి ప్రమాదం ఉండదు, భయపెట్టడానికి ఈ లెక్క వాడటం సరికాదు. కానీ ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ముక్కులో ఎక్కువగా ఆగేది 10 మైక్రాన్లకి పైనున్న రేణువులు. 'పీఎం 2.5 (అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి ధూళి) తగ్గితే చాలు' అని వీడియోల్లో చెప్పేది అందుకే సగం నిజం. ఊపిరితిత్తుల లోతుకి పోయేది సన్నటిదైతే, ముక్కుని పాడుచేసేది అంతకన్నా కాస్త ముతకది. తేలేదంతా లెక్కలోకి వస్తుంది.

ఇంటి పనివాళ్లకి ముందుగా ఎదురయ్యేవి వేరు: తుమ్ములు, ముక్కు కారడం, దగ్గు, కళ్ల మంట, చర్మం మీద దద్దుర్లు, కొందరిలో ఆస్తమా. టేకు, రోజ్‌వుడ్ ధూళికి చర్మం తిరగబడటం బాగా తెలిసిన సంగతే, వాటి చేవలో ఉండే సహజ రసాయనాలే కారణం. ఎలర్జీ చాలాసార్లు మొదటి రోజు రాదు, నెలల తరబడి ఏమీ కాకుండా ఉండి ఒక్కసారిగా మొదలవుతుంది, ఒకసారి మొదలయ్యాక కొంచెం ధూళి కూడా చాలు. 'ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా' అనే ధీమాకి ఇక్కడ విలువ లేదు.

ఇక పరిమితులు. గట్టి కట్టె ధూళికి ఐరోపా సమాఖ్య 2023 నుంచి పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు, బ్రిటన్‌లో అది 3, అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు 1. అన్నీ పని రోజు మొత్తానికి సగటు లెక్కలే. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న షట్టర్ గదిని తీసుకుంటే అందులో గాలి సుమారు 42 ఘనపు మీటర్లు. 2 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం గదికి 85 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదో వంతు కూడా లేదు. చిటికెడు ఉప్పు కన్నా తక్కువ ధూళి గదంతా పరుచుకుని పని రోజంతా తేలుతుంటే చాలు, హద్దు దాటినట్టే.

'99 శాతం' లెక్క ఎక్కడ తప్పుతుంది

మిర్యాలగూడ రైస్ మిల్లుల మీద పైన వెడల్పుగా కింద సన్నగా కనిపించే రేకు గరాటులు చాలామంది చూసే ఉంటారు. అవి సైక్లోన్లు. గాలిని లోపల గిర్రున తిప్పితే బరువైన రేణువులు గోడకి కొట్టుకుని కిందికి జారతాయి, గాలి మధ్యలోంచి పైకి పోతుంది. ఇంటి షెడ్డుకి అమ్మే చిన్న ప్లాస్టిక్ సైక్లోన్ కూడా ఇదే, 20 లీటర్ల పెయింట్ బకెట్ మూత మీద బిగించి వాక్యూమ్ క్లీనర్‌కి కలుపుతారు. పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు, ఫిల్టర్ మాటిమాటికి పూడుకుపోదు.

కానీ అది పట్టే 99 శాతం బరువులో. కిలో పొట్టు లాగితే 10 గ్రాములు దాటిపోతుంది, ఆ దాటిపోయేదంతా సన్నటిదే, ఎందుకంటే సైక్లోన్ నుంచి తప్పించుకోగలిగేది అదొక్కటే. గదికి హద్దు 85 మిల్లీగ్రాములని పైన చూశాం. ఆ 10 గ్రాములని మెషీన్ వెనక ఫిల్టర్ ఆపాలి. చవక డస్ట్ కలెక్టర్లకి (పొట్టుని లావు పైపుతో లాగి సంచిలో నింపే మెషీన్లకి) వచ్చే గుడ్డ సంచి చాలాసార్లు 30 మైక్రాన్ల రకం, అంటే పొట్టుని సంచిలో నింపి అసలైన ధూళిని గదిలోకి ఊదుతుంది. దాన్ని గదిలో పెట్టి నడపడం కన్నా నడపకపోవడమే నయమనిపించే సందర్భాలున్నాయి, టార్చి వేసి చూస్తే సంచి చుట్టూ పొగలా లేస్తూ కనిపిస్తుంది. 1 మైక్రాన్ రకం సంచో, మడతల ఫిల్టరో అయితే కథ వేరు, ఖర్చూ వేరు.

వాక్యూమ్ క్లీనర్, డస్ట్ కలెక్టర్ రెండూ ఒకటేననుకోవడం ఇంకో గందరగోళం. వాక్యూమ్ క్లీనర్ సన్న పైపులోంచి బలంగా లాగుతుంది కానీ లాగే గాలి కొంచెమే. డస్ట్ కలెక్టర్ అంత బలంగా లాగదు, కానీ చాలా గాలిని కదిలిస్తుంది. నాలుగంగుళాల పైపు నోరు ఒకటింబావు అంగుళం పైపు కన్నా సుమారు పది రెట్లు పెద్దది. సాండర్, రౌటర్ లాంటి చేతి మెషీన్లకి వాక్యూమ్ సరిపోతుంది, పైపు పని జరిగే చోటికే తగిలి ఉంటుంది కాబట్టి. టేబుల్ సా, ప్లేనర్‌కి (రందా పని చేసే మెషీన్‌కి) నాలుగంగుళాల పైపు కావాలి, నిమిషానికి 350 నుంచి 400 ఘనపుటడుగుల గాలి కదలాలి. ఒక హెచ్‌పీ కలెక్టర్ దగ్గరగా, పొట్టి పైపుతో పెడితే ఆ పని అవుతుంది, ముడతల పైపు పది మీటర్లు లాగి నాలుగు మలుపులు తిప్పితే కాదు.

అన్నిటికన్నా తక్కువమందికి తెలిసింది దూరం సంగతి. లాగే పైపు ముందు గాలి వేగం చాలా తొందరగా పడిపోతుంది: పైపు వెడల్పు ఎంతో అంత దూరంలోనే, అంటే నాలుగంగుళాల పైపుకి నాలుగంగుళాల అవతల, నోటి దగ్గరున్న వేగంలో పదో వంతు కూడా మిగలదు. ఊదే గాలి మాత్రం అలా కాదు, అంతకు ఎన్నో రెట్ల దూరం దాకా దాని బలం తెలుస్తూనే ఉంటుంది. మెషీన్ పక్కన పైపుని 'చూపిస్తూ' పెట్టడం వల్ల ఉపయోగం లేకపోవడం, పక్కన ఒక టేబుల్ ఫ్యాన్ తిరిగితే వేలు పోసి కొన్న కలెక్టర్ కూడా చేతులెత్తేయడం ఇందుకే. చెక్క బల్ల కింద సర్క్యులర్ సా తలకిందులుగా బిగించి సొంతంగా టేబుల్ సా చేసుకున్నవాళ్లైతే, కింద ప్లైవుడ్‌తో పెట్టెలా మూసేసి దానికి పైపు కలపాలి. మూయకుండా ఎంత పెద్ద మోటారు పెట్టినా కరెంటు దండగే.

మన ఎండకి తగ్గ దారి

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం అమెరికా, కెనడా, ఐరోపా గ్యారేజీల్లోంచి వచ్చింది. అక్కడ నెలల తరబడి చలి, గదిని హీటర్‌తో వెచ్చబెట్టుకుంటారు, ఆ వెచ్చటి గాలిని బయటికి తోసేస్తే బిల్లు పెరుగుతుంది. అందుకే ఖరీదైన ఫిల్టర్లు, పైకప్పుకి వేలాడే ఎయిర్ క్లీనర్లు కనిపెట్టుకున్నారు. వాళ్ల లెక్కలో అది సబబే. మహబూబ్‌నగర్‌లో మే నెలలో బయట 40 డిగ్రీలు దాటితే రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇక్కడ గదిలో దాచుకోవాల్సిన గాలేమీ లేదు. మెషీన్ నుంచి లాగిన గాలిని సైక్లోన్ మీదుగా నేరుగా బయటికి వదిలేస్తే సన్నటి ఫిల్టర్ ఖర్చే పోతుంది, అది పూడుకుపోయి గాలి తగ్గడమూ ఉండదు.

దీనికి తోడు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్. పన్నెండు అంగుళాలది మోడల్‌ని బట్టి నిమిషానికి సుమారు 800 నుంచి 1000 ఘనపుటడుగుల గాలి తోస్తుంది, పైన చెప్పిన గది 1500 ఘనపుటడుగులు, కాబట్టి కాగితం మీద రెండు నిమిషాల్లోపే గాలంతా మారుతుంది. నిజంగా మారాలంటే ఎదురుగా గాలి లోపలికి వచ్చే దారి ఉండాలి. షట్టర్ గదులకి ఉన్న అసలు లోపం ఇదే: ముందు షట్టర్ ఒక్కటే తెరుచుకుంటుంది, వెనక గోడ పక్కింటిదో, మెట్లదో అయి ఉంటుంది. శబ్దం బయటికి పోకూడదని షట్టర్ మూసి ఫ్యాన్ వేస్తే అది తిరుగుతుంది కానీ తోయడానికి గాలి దొరకదు. షట్టర్ సగం ఎత్తి, ఫ్యాన్‌ని ఎదుటి మూలన పైన పెట్టి, మనిషి షట్టర్ వైపు, మెషీన్ ఫ్యాన్ వైపు ఉండేలా అమర్చుకుంటే తాజా గాలి ముందు మనిషిని దాటి తర్వాత ధూళిని పట్టుకుపోతుంది. మనిషి, మెషీన్ చోటు మార్చుకుంటే ధూళంతా ముక్కు మీదుగానే పోతుంది, అంత తేడా.

గాలి దిక్కు కూడా చూసుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ జిల్లాల్లో పడమటి గాలి గట్టిగా వీస్తుంది, పడమటి గోడకి పెట్టిన చిన్న ఫ్యాన్ దానికి ఎదురు నిలవలేదు. తూర్పుకో ఉత్తరానికో పెట్టగలిగితే మంచిది. పక్కింటి వాళ్ల సంగతి మరవొద్దు: మిద్దె మీద ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయల మీద పొట్టు పడితే గొడవే. సైక్లోన్ ముతకదాన్ని ఆపేస్తుంది కాబట్టి బయటికి పోయేది సన్నటి కొంచెమే, దాన్ని గోడ మీదుగా ఎత్తుకి పైపు పెట్టి వదిలితే గాలిలో పలచబడిపోతుంది. ఇళ్లు మరీ ఒత్తుగా ఉన్న సందులో ఇది కుదరదు, అక్కడ మంచి ఫిల్టర్ కొనక తప్పదు.

కూలర్ గురించి కూడా. గది లోపల పెట్టిన కూలర్ అదే ధూళి గాలిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది, గడ్డి బురదై పూడుకుపోతుంది. అదే కూలర్‌ని కిటికీ బయట పెట్టి లోపలికి ఊదిస్తే, ఎదురుగా ఎగ్జాస్ట్ ఉంటే, చల్లదనంతో పాటు కావాల్సిన తాజా గాలి అదే ఇస్తుంది. దాని గాలి నేరుగా బ్లేడు మీదికి కొట్టకూడదు, కోసి పెట్టిన పలకలకి తేమ తగలకుండా పక్కన పెట్టుకోవాలి.

పైపు బయటికి తీయడానికి రేకుకి రంధ్రం చేసేముందు ఒక్క క్షణం ఆగాలి. బూడిద రంగు సిమెంట్ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాన్ని కట్టర్‌తో కోస్తే లేచే నారలు కట్టె ధూళి కన్నా చాలా ప్రమాదం. రేకుకీ గోడకీ మధ్య సందులోంచో, ఇటుక గోడలోంచో దారి చేసుకోవడమే తెలివైన పని.

దస్తీ, మాస్క్, చీపురు, బ్లోయర్

మూతికి దస్తీ కట్టుకుంటే ముతక పొట్టు ఆగుతుంది, అంతే. సర్జికల్ మాస్క్‌కి పక్కల సందులుంటాయి, గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది. ఎన్95 గానీ, ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ వాడాలి, తల వెనక్కి పోయే రెండు పట్టీలది చెవులకి తగిలించే దానికన్నా బాగా అతుక్కుంటుంది. గడ్డం ఉంటే ఏ మాస్కూ సరిగా కూర్చోదు. ఎండాకాలం చెమటకి తడిసిన మాస్క్‌లోంచి ఊపిరి ఆడదు, కిందికి లాగేస్తారు, కాబట్టి సాండింగ్ పనులు పొద్దున్నే పెట్టుకోవడం మాస్క్ నాణ్యత అంత ముఖ్యం. పని ఆపగానే మాస్క్ తీసేయడం అందరూ చేసేదే, అప్పటికి గాలిలో ధూళి అలాగే ఉంటుంది. ఎగ్జాస్ట్ ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు నడవనిచ్చి అప్పుడు తీయాలి.

ఊడ్చేటప్పుడు కింద పడ్డది మళ్లీ లేస్తుంది. బ్లోయర్‌తో కొడితే ఇంకా ఘోరం, గంటల తరబడి నెమ్మదిగా పడ్డదాన్ని ఒక్క నిమిషంలో మళ్లీ ముక్కు ఎత్తుకి లేపుతుంది. మెషీన్లు తుడవడానికి తడి గుడ్డ, నేలకి హెపా ఫిల్టర్ (అతి సన్నటి ధూళిని కూడా ఆపేది) ఉన్న వాక్యూమ్, అది లేకపోతే నీళ్లు చల్లి ఊడ్వడం. పని బట్టలు షెడ్డులోనే మార్చుకుని ఇంట్లోకి రావాలి. పిల్లలని ఎత్తుకునే చొక్కా మీద ఆ పొర ఉండకూడదు.

పాత దర్వాజలు, ఎండీఎఫ్

పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే టేకు దర్వాజలు, కిటికీ చట్రాలు కొని బల్లలు చేయడం ఇప్పుడు బాగా నడుస్తోంది. కట్టె మంచిదే. పైన ఉన్న రంగు సంగతే చూడాలి: ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎంతైనా ఉండొచ్చు. దాన్ని సాండర్‌తో గీకితే సీసం ధూళి అవుతుంది, చిన్నపిల్లల మెదడుకి అది చేసే నష్టం తిరిగి రాదు. రంగు తీసే మందు పూసి మెత్తబడ్డాక గీకడమో, తడి గరకు కాగితంతో రుద్దడమో చేయాలి, గీకిందంతా కవర్లో కట్టేయాలి.

ఎండీఎఫ్ అంటేనే ముందే పిండి చేసిన కట్టె నారలని యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికించి నొక్కింది. రౌటర్ పెడితే మళ్లీ పిండి అవుతుంది, ఆ ధూళి చాలా సన్నగా ఉంటుంది. పలక మీద ఈ1, ఈ0 అని రాసి ఉంటే జిగురు నుంచి వచ్చే ఆవిరి తక్కువని అర్థం, ధూళి తక్కువని కాదు.

నిప్పు, చివరికి పొట్టు ఎక్కడికి

ఇంటి షెడ్డులో ధూళి పేలుడు రావడం చాలా అరుదు, దానికి గాలిలో కంటికి ఏమీ కనిపించనంత దట్టంగా ఉండాలి. సంచిలో నిప్పు రాజుకోవడం మాత్రం జరిగే పనే. పాత కట్టెలో దిగిన మేకు బ్లేడుకి తగిలితే లేచిన నిప్పురవ్వ పైపులోంచి పొట్టు సంచిలోకి పోయి, గంటల తరబడి లోపల్లోపల రగిలి, అర్ధరాత్రి అంటుకోవచ్చు. ఇనుము కోసే గ్రైండర్‌ని అదే కలెక్టర్‌కి కలపకూడదు, పని అయ్యాక సంచి గదిలో ఉంచకూడదు. అవిసె నూనె పట్టించిన గుడ్డలు ఉండచుట్టి పొట్టులో పడేస్తే అవంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి ఆరేయాలి లేదా నీళ్లలో ముంచాలి.

సంచి ఖాళీ చేసే రెండు నిమిషాలు రోజంతటిలోకీ ఎక్కువ ధూళి లేచే సమయం. ఆరుబయట, గాలికి వీపు పెట్టి, మాస్క్ ఉండగానే చేయాలి. వేప, టేకు, తుమ్మ లాంటి ఉత్త కట్టె పొట్టు పొయ్యికీ, మొక్కల మొదట్లో పరచడానికీ పనికొస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్, సన్‌మైకా కోసినదాన్ని, రంగు గీకినదాన్ని పొయ్యిలో వేయొద్దు, కోళ్ల కిందా పశువుల కిందా పరచొద్దు, అందులో జిగురు, సీసం ఉంటాయి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోత మొదలుపెట్టేముందే సైక్లోన్ కింది బకెట్ మార్చుకుంటే రెండూ కలవవు, కలిశాక వేరు చేయడం ఎవరి వల్లా కాదు.